ఏటా పేరు మారే నేల

రుద్రూరు దాటి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వైపు పోతున్న చెరుకు బండ్ల వరసలో చివరి బండి మీద కూర్చుని ఉన్నాను. కరువు పోయి ఒకటి రెండేళ్ళు అయిన కాలం అది. కాలువలో నీళ్ళు మళ్ళీ కనబడుతున్నాయి. బండి తోలుతున్న రామ్‌దాస్ దారిలో ఎవరు ఎదురైనా మాట కలపకుండా వదిలేవాడు కాదు. ఎద్దుతో మాట్లాడినంత తేలిగ్గా మనుషులతోనూ మాట్లాడేవాడు. అదే గొంతు, అవే తిట్లు.

కొంత దూరాన ఒకతను ఒక్కడే నడుస్తున్నాడు. ఉతికిన తెల్ల చొక్కా, మడత నలగని ధోవతి. చెప్పులు మాత్రం చేతిలో పట్టుకున్నాడు. పోవలసిన చోటు గుమ్మం దాకా వాటికి దుమ్ము అంటకూడదనుకున్నట్టుంది.

“ఏం జీవరాజన్నా, పెండ్లికొడుకు లెక్క తయారైనవ్?” అని అరిచాడు రామ్‌దాస్. “ఎక్కు ఎక్కు. కాళ్ళు అరుగుతయి.”

“నీ ఎడ్లకు బరువైతది తియ్యి.”

“నువ్వేం బరువే? మా శారక్క నీకు జొన్నగట్క పోస్తున్నదా, ఉత్త గాలి పోస్తున్నదా?”

జీవరాజు తల తిప్పలేదు. “గా చెరుకు మీద నేను కూసోను రామ్‌దాసూ. తోలుకో.”

రామ్‌దాస్ నవ్వు ఆగిపోయింది. “చెరుకేం జేసిందే నీకు,” అని గొణిగి ఎడ్ల తోకలు పట్టుకున్నాడు. కాసేపటికి తనే నాకు చెప్పాడు, నేను కూర్చున్న చెరుకు ఒకప్పుడు ఈయన వాళ్ళ సంఘం భూమిలో పండేదని, ఇప్పుడు ఆ భూమి తన పటేలు చేతిలో ఉందని, ఈరోజు బోధన్‌లో దాని మీద విచారణ ఉందని. “నేనేం జెయ్యాలె చెప్పు? పటేలు తోలుమన్నడు, తోలుతున్న.”

నేను బండి దిగాను. చెరుకు గడలు గుచ్చుకుని ఎలాగూ కూర్చోలేకుండా ఉన్నాను.

“దిగినవేంది బాపూ?” అన్నాడు జీవరాజు. “ఏడికి పోతున్నవ్?”

“బోధన్‌కు. అక్కణ్ణుంచి ఎటో ఇంకా తేల్చుకోలేదు.”

“మంచిగున్నది నీ పని. నాకు ఒక్క తుకుడ తేలక పానం పోతున్నది.”

తుకుడ అంటే అక్కడ భూమి ముక్క. ఆ మాట ఆ పూట నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. జీవరాజు యాభై దగ్గరపడ్డ మనిషి. పుట్టింది పటేలు పశువుల కొట్టం వెనక. తండ్రి జీతగాడు, తాత జీతగాడు. హైదరాబాదు రాష్ట్రం పోయి కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు శారమ్మతో పెళ్ళయింది. అప్పటికి తనూ జీతగాడే. రాష్ట్రం మారినప్పుడు మీ ఊళ్ళో ఏం మారిందని అడిగాను. “బస్సు మీద రాత మారింది,” అన్నాడు.

కొన్నేళ్ళ తర్వాత ఒక జీపు వచ్చింది. భూమిలేని కుటుంబాలు సంఘంగా కలిస్తే సర్కారు భూమి ఇస్తుందని, కలిసి దున్నుకోవాలని, కలిసి పండించుకోవాలని చెప్పారు. ఆ రోజుల్లో దేశమంతా ఆ మాటే. నేను తిరిగిన జిల్లాల్లో ఎన్నో ఊళ్ళలో అలాంటి సంఘాల బోర్డులు చూశాను. చాలాచోట్ల బోర్డు ఒక్కటే మిగిలింది. కొన్నిచోట్ల అదీ ఎవరింటి తలుపుకో చెక్కగా పోయింది. వీళ్ళ పల్లెలో మాత్రం సంఘం నిజంగానే నిలబడింది. ఎక్కువ ఇళ్ళు మెథడిస్టు క్రైస్తవులవి. హన్మవ్వ అనే ఒక పెద్దామె లాంటి వాళ్ళవి కొన్ని హిందువుల ఇళ్ళు. కాలువ పక్కన, ఎప్పటి కాలంలోనో జాగీర్దారు గుర్రాలకు గడ్డి కోసిన బీడు వాళ్ళకు దక్కింది. నిండా తుమ్మ చెట్లు.

“ఆ తుమ్మలు కొట్టినప్పుడు శారమ్మ చేతులు సూడాల్సింది బాపూ,” అన్నాడు జీవరాజు. “ముండ్లు లోపల్నే ఉండిపోయినయి. ఇప్పటికీ సలికాలమొస్తే ఒకటో రెండో బైటికొస్తయి.”

దున్నడం, నాటడం, నరకడం అందరూ కలిసే. కలుపు తీయడం, నీళ్ళు కట్టడం, పందుల నుంచి కాపలా కాయడం మాత్రం ఒక్కో ఇంటికి ఒక్కో తుకుడ అప్పజెప్పాలనుకున్నారు. అక్కడ చిక్కు వచ్చింది. కాలువ తూము దగ్గరి తుకుడలో పిలిస్తే నీళ్ళొస్తాయి. చివరి తుకుడలు చౌడు. అక్కడ చెరుకు మోకాలి దాకా లేచి పసుపు రంగుకు తిరుగుతుంది. ఎవరికి ఏది?

పంటకోత పండుగనాడు పాస్టరయ్య గుడిలో ఒక కథ చెప్పాడు. బానిసత్వం నుంచి బయటపడి వచ్చిన జనం తమకు దక్కిన దేశాన్ని చీట్లు వేసి పంచుకున్నారని. అది విని జీవరాజే లేచాడు. అయితే మనమూ చీట్లేసుకుందాం, కానీ ఒక్కసారి కాదు, ఏటా వేసుకుందాం అన్నాడు. అప్పుడు చౌడు ఎవరి నెత్తినా శాశ్వతంగా కూర్చోదు, తూము ఎవరి ఇంటి సొత్తూ కాదు.

ఆ ఆలోచన కొత్తదేమీ కాదు, వాళ్ళకు తెలియదు గాని. ఉత్తరాన చలిదేశాల పల్లెల్లో కొన్నేళ్ళకొకసారి పొలాలన్నీ కలిపేసి మళ్ళీ పంచుకునే రివాజు వందల ఏళ్ళు సాగిందని చదివాను. తూర్పు తీరంలో ఒక ఉప్పుటేరు మీద చేపలు పట్టేవాళ్ళు వల వేసే చోటును వంతుల ప్రకారం మార్చుకోవడం కళ్ళారా చూశాను. మంచి చోటు ఈరోజు నీది, రేపు వాడిది. మనిషికి ఈ తెలివి ఎక్కడికక్కడ సొంతంగానే పుడుతుంది. దాన్ని ఎక్కడికక్కడ ఎవరో ఒకరు చెడగొడతారు కూడా. చేపలవాళ్ళది ఇంకా నడుస్తోంది, నీటి మీద హద్దురాళ్ళు పాతలేరు కాబట్టి.

చీట్లు మడిచి గుడిలో కానుకలు పట్టే సంచిలో వేసేవారు. తీసేది హన్మవ్వ. ఆమెకు చదువు రాదు, పైగా ఆ గుడి మనిషి కాదు, కనక ఎవరి వైపూ మొగ్గదని అందరి నమ్మకం. ఏడాదికి ఆ ఒక్క రోజే ఆమె గుడి గడప తొక్కేది. చీటీ తీసి, “ఏం రాసున్నదో సదువుండ్రి, దయ్యాన్ని సూసినట్టు నన్ను సూడకుండ్రి,” అనేదట.

తుకుడలకు వేరే పేర్లు లేవు. ఆ ఏడు ఎవరికి వస్తే ఆ తుకుడకు వాళ్ళ పేరే. ‘శారమ్మ తుకుడలో పందులు పడ్డాయి’, ‘సత్యానందం తుకుడకు నీళ్ళెక్కువయ్యాయి’. మరుసటి ఏడు పేర్లన్నీ మారిపోయేవి. ఏ ఏడు సంగతి చెప్పుకున్నా ఆ ఏటి పేరుతోనే చెప్పుకునేవారు. బయటివాడు వింటే తల తిరుగుతుంది. వాళ్ళు ఒక్కసారి కూడా పొరబడలేదు.

“మంచిగ బతికినం బాపూ. అబద్ధమెందుకు. నాలుగైదు పంటలు మస్తుగ తీసినం. మా బండ్లు కూడ గీ రోడ్డు మీదనే పోయినయి. పటేలు ఎదురొస్తే మేమే పక్కకు జరగాలె గద? ఒకనాడు బండి బరువుకు జరగలేకపోయినం. ఆయననే జరిగిండు.” కొంచెం నవ్వాడు. “గది ఆయన మరువలే.”

తర్వాత కరువు వచ్చింది. కాలువ ఎండింది. జనం కూలికి నిజామాబాద్ పోయారు, కొందరు ఇంకా దూరం పోయారు. ఆ ఏడు పంటకోత పండుగ లేదు, కోయడానికి పంట లేదు. చీట్లు వేసుకోలేదు. సంఘం రద్దయిందని కబురు వచ్చింది. అయితే దాంతోపాటు ఒక మంచి మాట కూడా వచ్చింది. ఎవరు దున్నుకున్న ముక్క వాళ్ళ పేరున పట్టా చేస్తారని. చూసి పోవడానికి ఒక అధికారి వచ్చాడు. మంచివాడేనట. కాలువ కట్ట మీద నిలబడి, ఎవరి భూమిలో వాళ్ళు పోయి నిలబడండి, రాసుకుంటాను అన్నాడు.

ఇక్కడికి వచ్చేసరికి జీవరాజు నడక ఆపేశాడు. చెరుకు బండ్లు మమ్మల్ని దాటుకుంటూ పోయాయి.

“ఎవని భూమిల వాడు నిలబడుమంటే మేమేడ నిలబడాలె బాపూ? ఒకడు ఆఖరుసారి వచ్చిన తుకుడల నిలబడ్డడు. ఇంకొకడు అన్నిటికంటె మంచిగ పండించిన తుకుడల నిలబడ్డడు. ఒక్క తుకుడల ముగ్గురు, పక్క తుకుడల ఎవ్వడు లేడు. మళ్ళ ముగ్గురు ఒకని మొకం ఒకడు సూసి, నువ్వుండన్నా అంటె నువ్వుండన్నా అని ముగ్గురు బైటికొచ్చిండ్రు. అటిటు ఉరుకుతున్నం. హన్మవ్వ కట్ట మీద్నే నిలబడి, సారూ నాకు అన్ని నాయే అనిపిస్తున్నయి అన్నది.”

“పటేలు మనుషులో?”

“నిన్నమొన్న గుడిసెలు ఏసిండ్రు. మూడు గుడిసెలు, ముగ్గురు జీతగాళ్ళు. నిలబడుమంటే రాళ్ళ లెక్క నిలబడ్డరు. ఒక్కడు కదల్లే.”

సంఘంవాళ్ళెవరూ స్థిరంగా సాగులో లేరని, ఉన్నది ఆ ముగ్గురేనని అధికారి రాసుకుపోయాడు. ఆయన చూసింది అదే మరి. సంఘంలో ఎవడూ ఒక చోట నిలబడలేదు. ఆ మరుసటి కారుకు పటేలు నాగళ్ళు దిగాయి.

ఇప్పుడు మిగిలింది ఒక్క దారి. వాళ్ళ వకీలు కనిపెట్టిన దారి. జీవరాజు నీళ్ళు చూసుకునే మనిషి కాబట్టి అతని గుడిసె మొదటినుంచీ తూము పక్కనే ఉంది. ఇప్పటికీ ఉంది. దాన్ని పట్టుకుని, తూము తుకుడ మొదటినుంచీ జీవరాజుదే, ఏటా అతనే దున్నాడు అని చెబితే ఆ ఒక్క తుకుడకు పట్టా వస్తుంది. చీట్ల మాట ఎత్తకూడదు. ఎత్తితే అంతా పోతుంది. అందరికీ అయితే దొరకదు, ఒక్కడికైతే దొరుకుతుంది. చెదిరిపోయిన సంఘంవాళ్ళు చాలామంది ఒప్పుకున్నారు. మాకెలాగూ లేదు, నువ్వన్నా కూలికి పోకుండా బతుకు అన్నారు. శారమ్మ ఇప్పుడు పోతున్నది ఎవరి చేనిలో కలుపు తీయడానికో వేరే చెప్పనక్కర్లేదు.

“ఆ తుకుడ ఆఖరుసారి ఎవరికి వచ్చింది?” అని అడిగాను.

“హన్మవ్వకు.” చెప్పులు రెండో చేతిలోకి మార్చుకుని అన్నాడు, “గవాయి, సాక్ష్యం చెప్పెతందుకు వచ్చేది కూడ ఆమెనే. నిజాంబాద్ నుంచి వస్తున్నది. ఆడ బీడీలు సుడుతున్నది. నీది గద అక్కా అంటే, నీది నాది అని ఎన్నడన్న అనుకున్నమారా, ఇప్పుడెందుకు అనుకుంటున్నవ్ అని తిట్టింది.”

“శారమ్మ ఏమన్నది?”

“పొద్దుగాల అంగీ ఇచ్చుకుంట అన్నది. పుట్టినకాడికెల్లి దేన్ని నాదనలే, నన్ను సుత మాదనే అంటవు, గీ ఒక్కపారి నాది అనయ్యా అన్నది.”

నాకు దారి పొడుగునా అధికారి వేషం పడింది. అతనే వేయించాడు. నేను గొంతు సవరించుకుని, “ఏ ముక్క నీది?” అంటాను. “తూముకాడి తుకుడ, నాదే సారూ,” అంటాడు. “ఎప్పట్నుంచి?” “మొదటికెల్లి నేనే దున్నుకుంట సారూ.” “ఇంకెవరన్నా దున్నారా?” “లేదు సారూ.” మొదట రెండుసార్లు తడబడ్డాడు. బోధన్ పొలిమేరలో చెరుకు ఉడికే వాసన తగిలే సమయానికి గొంతులో ఎక్కడా వణుకు లేదు. ఆ తియ్యటి చిక్కటి వాసన కొత్తవాళ్ళకు ఆకలి పుట్టిస్తుంది, అక్కడే బతికేవాళ్ళకు అసలు తెలియనే తెలియదంటారు. జీవరాజు మాత్రం ముక్కు ఎగబీల్చి, “ఈ రసం చిక్కగున్నది,” అన్నాడు.

విచారణ ఒక పాత బంగళా వరండాలో. హన్మవ్వ అప్పటికే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. బక్కపలచటి ముసలమ్మ, వేళ్ళ కొసలు పొగాకు రంగు. జీవరాజును చూడగానే, “వచ్చినవా పటేలా? చెప్పులేసుకో, నిన్ను సూసి పట్టా భయపడాలె,” అంది. తర్వాత నా వంక చూసి, “గీ ముసలాయనెవరు? నీ కొత్త వకీలా?” అంది.

“దారిల కల్సిండక్కా.”

“మంచిది. నాకంటే ముసలోడు ఒకడన్న ఉన్నడు.”

ముందు ఆమెను పిలిచారు. అధికారి కుర్రవాడే. ఎదురుగా పటేలు తరఫు వకీలు వక్కపొడి నములుతున్నాడు. నేను వరండా చివర నిలబడ్డాను, మాటలన్నీ వినబడుతున్నాయి.

“తూము దగ్గర ముక్క ఎవరిదమ్మా?”

“జీవరాజుది సారూ. ముందుకెల్లి గాయనదే. గుడిసె సుత గాడనే ఉన్నది.”

“అక్కడ నువ్వెప్పుడైనా సాగు చేశావా?”

“నాకేడిది సారూ భూమి?” అంది. ఆ మాట అంటున్నప్పుడు అధికారి వైపు చూడలేదు, గోడ వైపు చూసింది. వేలిముద్ర వేసి పక్కకు వచ్చి నిలబడింది.

జీవరాజు వంతు వచ్చింది. నేను దారిలో అడిగిన ప్రశ్నలే అడిగారు. తూముకాడి తుకుడ నాదే సారూ. మొదటికెల్లి నేనే సారూ. ఇంకెవరు లేరు సారూ. ఎక్కడా జంకలేదు. వాళ్ళ వకీలు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. పటేలు వకీలు వక్క నమలడం ఆపాడు. అధికారి రాసుకుని, కలానికి మూత పెట్టి, వెనక్కి ఆనుకుని, ఇక పని అయిపోయిన మనిషి మాట్లాడినట్టు, “తూము దగ్గర కదా, నీళ్ళ బాధ ఉండదు. కరువుకు ముందు పంట బాగానే వచ్చి ఉండాలే?” అన్నాడు.

జీవరాజు మొహం విప్పారింది. రోజంతా నేను చూడని మొహం అది.

“ఏమడుగుతరు సారూ! నిలబడ్డ మనిషి మీద మనిషి నిలబడ్డా కనబడకపోయేది. కోస్తకెల్లి వచ్చిన క్యాంపు రైతులు సుత బండి కట్టుకొని వచ్చి సూసిపోయిండ్రు. హన్మవ్వ తుకుడల గడ లెక్క ఈ ఇలాఖల ఏడ లేకుండె.”

వాళ్ళ వకీలు సర్దిన కాగితాలు మళ్ళీ విప్పాడు. అతనికి వెంటనే తెలియలేదు, ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. హన్మవ్వ కళ్ళు మూసుకుంది.

“హన్మవ్వ తుకుడా?” అన్నాడు అధికారి నెమ్మదిగా. కలం మూత తీశాడు.

“నోరు జారిండు సారూ,” అంది హన్మవ్వ ముందుకు వచ్చి. “నాది గాదు. ఎర్రోడు, ఎండల నడిసొచ్చిండు.”

“నువ్వు ఆగమ్మా. జీవరాజూ, ఆ పంట ఎవరిది?”

జీవరాజు అధికారిని చూశాడు, హన్మవ్వను చూశాడు. ఇప్పుడు కూడా అబద్ధం చెప్పి ఉండవచ్చు. పొరపాటున అన్నానని అంటే ఏమయ్యేదో. దారిలో నేర్చుకున్న మాటల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. “ఆ యేడు ఆమెకు వచ్చింది సారూ,” అన్నాడు. “చీటీల.”

ఆ తర్వాత ఎక్కువసేపు పట్టలేదు. పటేలు వకీలు లేచి రెండు మాటలు మాట్లాడి కూర్చున్నాడు. నీ మనిషి నీది అంటుంది, నువ్వు ఆమెది అంటావు, మీలో మీకే తేలనిది నేనెట్లా తేల్చేది అన్నాడు అధికారి. కోపంగా అనలేదు. ఎవరి సాగూ రుజువు కాలేదని రాశాడు. పేరు పిలిచినప్పటినుంచి ఇదంతా ముగిసేదాకా బయట చెట్టు కింద బండివాళ్ళ చుట్ట కూడా ఆరలేదు.

మెట్ల దగ్గర హన్మవ్వ అతని చొక్కా పట్టుకుంది. ఆమె గొంతు కీచుమంది.

“నాది నేను మింగిన గదరా! గొంతు దిగేదాక మింగిన. నువ్వు కక్కినవ్. నిన్నెవడు అడిగిండురా గడల ఎత్తు?”

“సారే అడిగిండక్కా.”

“సారు అడుగుతడు! రేపు నీ పెండ్లాన్ని అడుగుతడు, ఇస్తవా?” చొక్కాను ఇంకా దగ్గరికి గుంజింది. “శారమ్మకు ఏం జెప్తవ్?”

ఆమె చొక్కా వదిలేసి, నలిగిన చోట చేత్తో సాపు చేసింది. “నిజంగ గంత ఎత్తు పెరిగిందారా నా చెరుకు?” అని అడిగింది, ఎంతో నీరసంగా.

అతను తల ఊపాడు.

పైకోర్టులున్నాయని, అర్జీలున్నాయని నేను ఏదో అనబోయాను. వాళ్ళ వకీలు అప్పటికే ఇంకొకరితో మాట్లాడుకుంటూ గేటు దాటాడు. అర్జీ పెట్టుకుంటే దాన్నీ చీట్ల కథతోనే పెట్టుకోవాలి. ఆ కథను రాసుకోవడానికి ఏ కచ్చేరి కాగితంలోనూ గడి లేదు. భూమి ఎవరిదో చెప్పమనే దేశాల గురించి నేను ఎన్నో చదివాను. భూమి ఈ ఏడు ఎవరిదని అడిగే దేశం ఒక్కటీ తగల్లేదు.

హన్మవ్వ మెట్టు మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. తల ఎత్తేసరికి జీవరాజు గేటు దగ్గర ఉన్నాడు. ఆమె వైపు గాని నా వైపు గాని చూడలేదు. రోడ్డెక్కి, రుద్రూరు వైపు కాకుండా నిజామాబాద్ వైపు తిరిగాడు.

“ఓ జీవరాజూ! ఏడికిరా? ఇల్లు గిటు!” అని అరిచింది. “నువ్వన్న పిలువు బాపూ.”

పిలిచాను. ఎదురుగా లారీ వస్తుంటే రోడ్డు పక్కకు దిగాడు, అది పోయాక మళ్ళీ రోడ్డెక్కి నడవసాగాడు.